మతిమరుపా... గిన్నెలో పామా?

‘‘డాక్టరు గారూ, నాకు అల్జీమర్స్ వచ్చేసింది. మందు రాయండి.’’

కుర్చీలో కుదురుగా కూర్చోకముందే ఆయన అన్న మాట ఇది. వయసు 63. స్టీల్‌ప్లాంట్‌ బ్లాస్ట్‌ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరయ్యారు. దువ్వాడలో సొంతిల్లు. రెండు వారాల కిందట బావమరిదిని రైలెక్కించడానికి వెళ్లారు. విశాఖ స్టేషన్‌లోకి రాకుండా పక్కనుంచే వెళ్లిపోయే దూరప్రాంతపు రైళ్లు కొన్ని దువ్వాడలోనే ఆగుతాయి కదా! రైలు కదిలాక బయటికొచ్చి, షేర్‌ ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశారు. మర్నాడు పొద్దున చూస్తే ఇంటి ముందు స్కూటర్‌ లేదు. దొంగలెత్తుకుపోయారని పోలీస్‌స్టేషన్‌కి బయల్దేరుతుంటే భార్య అడిగిందట, ‘‘నిన్న స్టేషన్‌కి దేనిమీద వెళ్లారు?’’ అని.

స్కూటర్‌ దొరికింది కానీ ఆయన ధైర్యం పోయింది. ఆ రోజు నుంచి ప్రతి చిన్న మరుపునూ లెక్కపెట్టుకుంటున్నారు. కళ్లజోడు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. కొత్తగా దిగిన పక్కింటాయన పేరు నోటికి రావడం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

పక్కనే ఆయన కూతురు ఉంది. చైనాలో ఎంబీబీఎస్‌ చదువుతోంది, సెలవులకు వచ్చింది. నేను పరీక్షలు రాస్తుంటే ఓపీ చీటీ వెనక రెండు చైనా అక్షరాలు గీసి తండ్రికి చూపించింది. ‘‘నాన్నా, ఇది ‘వాంగ్‌’. అంటే మరచిపోవడం. ఇది ‘మాంగ్‌’. అంటే తీరిక లేకపోవడం. రెంటిలోనూ ఉన్నవి అవే రెండు ముక్కలు. ఒకటి ‘పోవడం’, రెండోది ‘గుండె’. గుండె కింద పడితే మరుపు. గుండె పక్కకు జరిగితే పనుల ఒత్తిడి. నువ్వు ఆ రోజు మరచిపోలేదు. నీ మనసు పక్కకు జరిగిందంతే.’’

ఇరవై ఏళ్లుగా రోగులకు నేను చెప్పలేక తంటాలు పడే విషయాన్ని ఆ అమ్మాయి రెండు గీతల్లో చెప్పేసింది. ఓపీ అయ్యేదాకా ఉండమని, ఆ అక్షరాలను ఎలా గుర్తుపెట్టుకుంటారో అడిగి తెలుసుకున్నాను. అందులో మన ఇళ్లకు పనికొచ్చే సంగతులు చాలానే ఉన్నాయి.

అక్షరానికో కథ

మన తెలుగులో 56 అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వస్తే చాలు. అర్థం తెలియకపోయినా ఏ పదాన్నయినా చదివేయొచ్చు. చైనీస్‌లో ఆ వీలు లేదు. అక్కడి ప్రభుత్వం 2013లో ప్రకటించిన ప్రామాణిక పట్టికలో 8,105 అక్షరాలున్నాయి. వాటిలో తరచూ వాడేవే 3,500.

అక్కడ మన పిల్లలు చదివే వైద్యవిద్య ఇంగ్లిషులోనే ఉంటుంది. కానీ వార్డులో మంచం మీదున్న రోగికి ఇంగ్లిషు రాదు. ‘ఎక్కడ నొప్పి? ఎప్పట్నుంచి?’ అని చైనీస్‌లోనే అడగాలి. జవాబు అర్థం కావాలి. అందుకే హెచ్‌ఎస్‌కే అనే భాషా పరీక్షలో నాలుగో స్థాయి దాటాలి. పాత సిలబస్‌ లెక్కలో అది 1,200 పదాలు. ఆ స్థాయికి చేరని వారికి డిగ్రీ ఇవ్వరని బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం 2022లో విద్యార్థులను హెచ్చరించింది కూడా.

మొదటి ఏడాది ఆ అమ్మాయి ఒక్కో అక్షరాన్ని వందేసి సార్లు రాసిందట. వారం తిరిగేసరికి సగం మాయం. తర్వాత ఓ సీనియర్‌ దారి చూపించాడు. అక్షరాన్ని ముక్కలు చెయ్, ముక్కలతో కథ అల్లు అని.

‘చెట్టు’ గుర్తు పక్కన ‘మనిషి’ గుర్తు రాస్తే విశ్రాంతి. ఎండలో నడిచొచ్చి చెట్టుకు చేరగిలబడిన మనిషి కళ్లముందు కనిపిస్తాడు. రెండు చెట్లు రాస్తే తోపు, మూడు రాస్తే దట్టమైన అడవి. సూర్యుడి పక్కన చంద్రుణ్ని పెడితే వెలుగు. ఇక జబ్బులకు సంబంధించిన అక్షరాలన్నిటికీ దాదాపుగా ఒకటే చట్రం. పైనుంచి ఎడమవైపుగా దిగే ఆ గీతలు కనిపిస్తే, లోపలి అక్షరం తెలియకపోయినా ఇదేదో రోగం సంగతి అని అర్థమవుతుంది. ఆ చట్రంలో ‘చలికాలం’ గుర్తు పెడితే నొప్పి! డిసెంబరులో మోకాళ్లు పట్టేసి ఓపీకి వచ్చే పెద్దవాళ్లను చూసే నాకు ఆ అక్షరం ఇక మరపురాదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పింది. ఈ కథలన్నీ ఆ అక్షరాల అసలు పుట్టుక కాదు. ‘అమ్మ’ అనే అక్షరంలో స్త్రీ పక్కన గుర్రం ఉంటుంది. గుర్రాన్ని వాళ్లు ‘మా’ అంటారు, అమ్మనూ ‘మా’ అనే పిలుస్తారు, కాకపోతే స్వరం వేరు. గుర్రం అక్కడ శబ్దం కోసమే నిలబడింది. చాలా అక్షరాల్లో ఇలాగే ఒక ముక్క అర్థానికీ, ఒక ముక్క శబ్దానికీ ఉంటాయి. వాంగ్, మాంగ్‌లలోని ‘పోవడం’ ముక్క కూడా ముఖ్యంగా శబ్దం కోసమే. అయినా బిడ్డను వీపున ఎక్కించుకుని గుర్రమాట ఆడించే అమ్మను ఒక్కసారి ఊహించుకున్నారంటే ఆ అక్షరం మనసులో పాతుకుపోతుంది. కథ నిజం కానక్కర్లేదు, బొమ్మ కట్టాలి. అంతే.

మెదడు ఎందుకు ఒప్పుకుంటుంది?

స్టాన్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయంలో గోర్డన్‌ బోవర్, మైకల్‌ క్లార్క్‌ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1969లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకు పదేసి పదాలున్న 12 జాబితాలు ఇచ్చారు. కొందరిని ప్రతి జాబితాతో ఓ కథ అల్లుకోమన్నారు. మిగతావాళ్లను మామూలుగా చదువుకోమన్నారు. ఏ జాబితాను ఆ జాబితా చదివిన వెంటనే అడిగితే ఇద్దరూ దాదాపు సమానంగానే చెప్పారు. కానీ చివర్లో మొత్తం 120 పదాలూ అడిగినప్పుడు తేడా బయటపడింది. కథ అల్లుకున్నవాళ్లకు 93 శాతం గుర్తున్నాయి. మామూలుగా చదివినవాళ్లకు 13 శాతమే.

పరీక్షకు ముందురోజు రాత్రి బట్టీపట్టి, ‘అన్నీ వచ్చేశాయమ్మా’ అనే మన పిల్లల సంగతి ఇదే. వెంటనే అప్పజెబితే వచ్చినట్టే ఉంటుంది. పది రోజులకు మిగిలేదెంతో అప్పుడు తెలుస్తుంది.

మెదడులో హిప్పోక్యాంపస్‌ అనే చిన్న భాగం ఉంది. కొత్త అనుభవాలను జ్ఞాపకాలుగా కట్టగట్టడంలో దానిదే ముఖ్యపాత్ర. అది పనిచేయాలంటే ముందు మనం ధ్యాస పెట్టాలి. ధ్యాస లేని చోట జ్ఞాపకమే తయారవదు. తయారుకాని దాన్ని తర్వాత ఎంత వెతికినా దొరకదు. స్కూటర్‌కు స్టాండ్‌ వేసేటప్పుడు మన పెద్దాయన ఫోన్‌లో రిజర్వేషన్‌ బోగీ నంబరు వెతుకుతున్నారు. స్కూటర్‌ పెట్టిన సంగతి మెదడులోకి చేరనే లేదు. కథ చేసే మొదటి మేలు ఏమిటంటే, అల్లాలంటే ధ్యాస పెట్టక తప్పదు. రెండోది, విడివిడి ముక్కలను ఒక వరుసలో గుచ్చుతుంది. ఒకటి గుర్తొస్తే దాని వెనకే ఇంకోటి వస్తుంది.

ఇదేమీ మనకు కొత్త కాదు. గణాలు నేర్చుకోవడానికి ‘యమాతారాజభానసలగం’ అని మనమంతా బడిలో వల్లించిన వాళ్లమే. వందమంది పృచ్ఛకుల ప్రశ్నలను మనసులోనే నిలుపుకుని, చివర్లో పద్యాలన్నీ వరుసగా అప్పజెప్పే శతావధానుల ‘ధారణ’ తెలుగునాట పుట్టి పెరిగిన విద్య.

నాలుగు అక్షరాల్లో ఒక కథ

‘శల్య సారథ్యం’, ‘కుంభకర్ణ నిద్ర’, ‘త్రిశంకు స్వర్గం’ అంటాం. రెండు మాటల వెనక ఎంతో కథ. చైనీస్‌లో ఇలాంటి జాతీయాలు ఎక్కువగా నాలుగేసి అక్షరాలతో ఉంటాయి. కథ తెలియకపోతే నాలుగు అక్షరాలూ విడివిడిగా వచ్చినా అర్థం కాదు. కథ తెలిస్తే ఒక్కసారికే నాలుగూ వచ్చేస్తాయి. ఆ అమ్మాయి చెప్పినవాటిలో రెండు కథలు ఏ వైద్యుడికైనా పనికొస్తాయి.

మొదటిది ‘బెయ్‌ గోంగ్‌ షె ఇంగ్‌’. అంటే గిన్నె, విల్లు, పాము, నీడ. ఒకాయన మిత్రుడి ఇంటికి విందుకెళ్లాడు. తాగబోతున్న గిన్నెలో సన్నని పాము కదులుతున్నట్టు కనిపించింది. మొహమాటంకొద్దీ తాగేశాడు. ఇంటికెళ్లి, కడుపులో పాముందన్న భయంతో మంచం పట్టాడు. సంగతి తెలిసిన మిత్రుడు మళ్లీ పిలిపించి, అదే చోట కూర్చోబెట్టి, గిన్నె నింపాడు. మళ్లీ పాము! అప్పుడు గోడకు వేలాడుతున్న విల్లును చూపించాడు. గిన్నెలో కనిపించింది దాని నీడే. అక్కడితో జబ్బు కుదిరింది. తాడును చూసి పామనుకునే మన ‘రజ్జు సర్ప భ్రాంతి’కి ఇది అన్నదమ్ముల వరస.

రెండోది ‘హ్వెయ్‌ జీ జీ యీ’. జబ్బును దాచి, వైద్యుణ్ని దూరం పెట్టడం. బియాన్‌ చ్వే అనే వైద్యుడు రాజును చూసి, ‘‘జబ్బు మీ చర్మంలో ఉంది, ఇప్పుడే చూసుకోండి’’ అన్నాడు. ‘‘నాకేం జబ్బు లేదు. లేని రోగానికి వైద్యం చేసి పేరు తెచ్చుకోవాలని వీళ్ల ఆశ’’ అన్నాడు రాజు. పది రోజులకు వచ్చి కండల్లోకి దిగిందన్నాడు. ఇంకో పది రోజులకు పేగుల్లోకి చేరిందన్నాడు. రాజు వినలేదు. నాలుగోసారి దూరం నుంచే చూసి వైద్యుడు వెనుదిరిగాడు. ‘‘చర్మంలో ఉంటే కాపడం, కండలో ఉంటే సూది, పేగుల్లో ఉంటే కషాయం. మూలుగలోకి దిగాక నేనేం చేయను?’’ అన్నాడు. రాజు కబురు పెట్టేనాటికి ఆయన దేశం దాటిపోయాడు. రాజు దక్కలేదు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దానికి చెందిన హాన్‌ ఫెయ్‌ పేరుతో ఉన్న గ్రంథంలో ఈ కథ ఉంది.

మతిమరుపుతో నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ రెండు కథల్లోని మనుషులే. ‘నాకు మరుపొచ్చింది’ అని తమంతట తాము వచ్చి, ఏం మరిచారో వివరంగా చెప్పేవాళ్లలో చాలామందికి గిన్నెలో కనిపించింది విల్లు నీడే. ‘నాకేం లేదు’ అని రోగి అంటూ, ఇంట్లోవాళ్లు వెనక నుంచి సైగలు చేస్తుంటే మాత్రం నేను కుర్చీ ముందుకు జరుపుకుంటాను.

రాజును తప్పుపట్టే హక్కు నాకు లేదు

ఓ వేసవిలో మా అమ్మ ఫోన్‌ చేసి, ‘‘ఆవకాయకి ఆవపిండి ఎంతరా?’’ అని అడిగింది. నలభై ఏళ్లు కొలతగిన్నె లేకుండా ఆవకాయ కలిపిన మనిషి. నవ్వి ఊరుకున్నాను. చెప్పిందే చెబుతోందని నాన్న అంటే ‘‘వయసు నాన్నా’’ అన్నాను. అరికాళ్లు తిమ్మిరంటే ‘‘సుగరు కదా’’ అన్నాను. ఏడాది గడిచాక, నన్ను మా తమ్ముడి పేరుతో పిలిచిన రోజున రక్తపరీక్ష చేయించాను. విటమిన్‌ బి12 అడుగంటింది. మధుమేహానికి పన్నెండేళ్లుగా ఆవిడ వాడుతున్న మెట్‌ఫార్మిన్‌ దీర్ఘకాలంలో బి12ను తగ్గించగలదు. ఆ మాత్ర రాసిందీ నేనే. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన కొన్ని నెలలకు అమ్మ తేరుకుంది. తిమ్మిర్లు మాత్రం పూర్తిగా పోలేదు. నరాలు దెబ్బతినకముందే చేయించాల్సిన పరీక్ష అది.

వైద్యుడి ఇంట్లోనే ఇలా జరిగితే మామూలు ఇళ్లలో దాచడానికి కారణాలు ఇంకా ఎక్కువ. ‘పిల్ల పెళ్లి అయ్యేదాకా బయటికి చెప్పొద్దు’ అనేవాళ్లున్నారు. ‘మతి చెడిందంటారేమో’ అని జంకేవాళ్లున్నారు. పేరు కూడా మనిషిని భయపెడుతుంది. డిమెన్షియాకు చైనీస్‌లో చాలాకాలంగా వాడుతున్న మాటలో మొదటి అక్షరం, రోగపు చట్రంలో ‘తెలియడం’ గుర్తు. గుర్తుపెట్టుకోవడానికి చక్కని బొమ్మే. కానీ ఆ మాటకు ‘తెలివితక్కువ’ అన్న అర్థమూ ఉంది. అవే అక్షరాలను వాడుతున్న జపాన్‌ 2004లో ఆ పేరును అధికారికంగా మార్చేసింది. పేరులో ఎగతాళి ఉంటే జనం ఆసుపత్రికి రారని వాళ్లు గుర్తించారు.

ఏది మామూలు, ఏది కాదు?

తాళాలు ఎక్కడ పెట్టారో మరిచి, వెతికి పట్టుకోవడం మామూలే. పేరు నోటికి రాక, కాసేపటికి గుర్తురావడమూ అంతే. ఫ్రిజ్‌ తలుపు తీసి దేనికొచ్చానా అనుకోవడం నాకూ ఉంది. కింది మార్పులు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి.

* అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, ఇందాక అడిగినట్టు కూడా తెలియకపోవడం.
* రోజూ తిరిగే వీధిలో దారి తప్పడం.
* ఎన్నో ఏళ్లుగా చేస్తున్న వంట, బ్యాంకు పని, లెక్కలు తడబడటం.
* మామూలు వస్తువుల పేర్లు దొరక్క ‘అది, ఇది’ అని నెట్టుకురావడం.
* స్వభావం మారడం, లేనిపోని అనుమానాలు, నలుగురిలో కలవకపోవడం.
* కిందపడి తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు మందకొడితనం, మరుపు మొదలవడం. చిన్న దెబ్బే అనుకోవద్దు. పుర్రె లోపల నెమ్మదిగా రక్తం పేరుకుని ఉండొచ్చు.

మాట తడబడటం, మూతి వంకర, ఒక చేయి పట్టు తప్పడం, ఉన్నట్టుండి అయోమయం... ఇవి ఒక్కసారిగా వస్తే మతిమరుపు కాదు, పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్‌ చేయండి.

మరుపు అనగానే అల్జీమర్స్‌ అనుకోనక్కర్లేదు. బి12 లోపం, థైరాయిడ్‌ తగ్గడం, కుంగుబాటు, నిద్రలేమి, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, మద్యం, సుగర్‌ మరీ పడిపోవడం, వినికిడి తగ్గడం... వీటన్నిటిలోనూ మరుపు కనిపిస్తుంది. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. బి12, థైరాయిడ్, సుగర్, సోడియం, కిడ్నీ పరీక్షలు ఖరీదైనవేం కావు. అవసరమైతే మెదడు స్కాన్‌ చేస్తారు. ఒకవేళ అల్జీమర్సే అని తేలినా, ముందే తెలిస్తే లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచే మందులున్నాయి. ఇంటి వ్యవహారాలు రోగి ఇష్టప్రకారమే చక్కబెట్టుకునే వీలుంటుంది. కుంగుబాటు, ఆందోళన ఉన్నవారు టెలీ మానస్‌ 14416కు ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు.

కొత్త భాష మెదడుకు మందా?

హైదరాబాద్‌ నిమ్స్‌లో పనిచేసిన న్యూరాలజిస్టు డాక్టర్‌ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవారికంటే రెండు అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్లనివారిలోనూ ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిపి మాట్లాడుకునే మన నేల మీద జరిగిన అధ్యయనం కాబట్టి మనకు మరీ దగ్గరిది.

అలాగని అరవయ్యో ఏట చైనీస్‌ నేర్చుకుంటే డిమెన్షియా రాదని చెప్పలేం. ఆ అధ్యయనంలోని వారు జీవితమంతా ఆ భాషల్లో బతికినవారు. బీపీ, సుగర్‌ అదుపు, నడక, పొగాకు మానడం, వినికిడి తగ్గితే మిషన్‌ పెట్టుకోవడం, నలుగురితో కలవడం... వీటి తర్వాతే ఏదైనా. కొత్త విద్య వాటికి తోడు మాత్రమే.

ఇంట్లో ఇలా చేసి చూడండి

* ముక్కలు చేయండి. ఫోన్‌ నంబరైనా, జీవశాస్త్రం పాఠమైనా మూడు నాలుగు ముక్కలుగా విడగొట్టండి.
* కథ మీరే అల్లండి. సొంత కథ బాగా నిలుస్తుంది. ఎంత వింతగా ఉంటే అంత మంచిది. సంతకు వెళ్తూ కొబ్బరికాయ, సబ్బు, కందిపప్పు గుర్తుపెట్టుకోవాలా? సబ్బునురగలో స్నానం చేసిన కొబ్బరికాయకు కందిపప్పు దండ వేయండి.
* పుస్తకం మూసి అడగండి. మళ్లీ చదవడం కంటే గుర్తుతెచ్చుకోవడమే మేలు. పిల్లలతో అప్పజెప్పించుకునే పాత పద్ధతి సరైనదే.
* ఎడం ఇవ్వండి. హెర్మన్‌ ఎబ్బింగ్‌హౌస్‌ అనే జర్మన్‌ శాస్త్రవేత్త తనమీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లో చూపించినట్టు, మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువ. అందుకే అదే రోజు రాత్రి, మూడో రోజు, వారానికి ఒకసారి తిరగేయండి.
* నిద్ర తగ్గించకండి. పగలు నేర్చినది రాత్రి నిద్రలోనే గట్టిపడుతుంది.
* మందుల విషయంలో మాత్రం కథలు వద్దు. వారం రోజుల గళ్లున్న మాత్రల డబ్బా, ఫోన్‌ అలారం వాడండి. వేసుకున్నామో లేదో అన్న సందేహం బీపీ, సుగర్‌ మాత్రలతో ప్రమాదం.

పెద్దాయన సంగతి చెప్పలేదు కదూ! బొమ్మలు, బొమ్మ గడియారం, పదాలు గుర్తుంచుకోవడం లాంటి పరీక్షలన్నీ బాగానే చేశారు. బ్లాస్ట్‌ ఫర్నేస్‌లకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లెందుకు పెట్టారో కూడా నాకు వివరించారు. బి12, థైరాయిడ్‌ మామూలుగానే ఉన్నాయి. వాడే మందులన్నీ సంచితో సహా తెమ్మన్నాను. అందులో దొరికింది గోడమీది విల్లు. తుమ్ములు తగ్గుతాయని, పనిలోపనిగా నిద్ర కూడా పడుతుందని ఆరు నెలలుగా రోజూ రాత్రి కొట్లో కొనుక్కుని వేసుకుంటున్న పాతకాలపు జలుబు మాత్ర. ఆ రకం మాత్రలు పెద్ద వయసులో మరుపును, మత్తును తెస్తాయి. దాన్ని మాన్పించి, తుమ్ములకు వేరే మందు రాశాను. పగటినిద్ర తగ్గించి, సాయంత్రం నడవమన్నాను. రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు చేతిలో చీటీ లేదు. మరుపుల లెక్క రాయడం మానేశారట.

ఇప్పుడు దువ్వాడ స్టేషన్‌ దగ్గర బండి పెట్టాక ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ‘చెట్టుకు ఆనుకుని విశ్రాంతి’ అని పైకే అనుకుంటారట. కూతురు నేర్పిన అక్షరంలో మనిషి ఉన్నచోట ఈయన స్కూటర్‌ను నిలబెట్టారు.